జేబు బిగువు, రోజులు వదులు

మిత్రులంతా కలిసి దూరప్రయాణం అనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న, "మనిషికి ఎంతవుతుందిరా?" రెండోది, "ఎన్ని రోజుల్లో వచ్చేస్తాం?" రెండింటికీ చిన్న అంకెలే జవాబుగా కావాలని పట్టుబట్టడం వల్లే సగం యాత్రలు పాడవుతాయి. తక్కువ డబ్బుతో తిరగాలంటే రోజులు ధారాళంగా పెట్టుకోవాలి. రోజులు లేవంటే డబ్బు తీయాలి. రెండూ మిగుల్చుకుందామని చూసినవాళ్లకు మూడోది ఏదో ఒకటి చెడుతుంది: ఒంట్లో ఆరోగ్యమో, బండో, మిత్రుల మధ్య మాటామంతీనో.

ఈ లెక్క కాగితం మీద కంటే ఒక నిజమైన దారి మీద బాగా అర్థమవుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయను తీసుకుందాం. హైదరాబాద్ నుంచి నలుగురు మిత్రులు, ఒక మామూలు పెట్రోలు కారు. భారతీయులకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. ఊళ్లు చిన్నవి, జనం పలుచన, పెద్ద హోటళ్ల కంటే ఇళ్లలో ఇచ్చే గదులే ఎక్కువ. ఖర్చు తక్కువలో మారుమూలకు పోవాలనుకునేవాళ్లకు బాగా కుదిరే చోటు.

ముందు దారి, తర్వాత తేదీలు

స్పితిలోకి రెండు వైపుల నుంచి వెళ్లొచ్చు. ఒకటి షిమ్లా వైపు. నార్కండా, రాంపూర్ దాటి కిన్నౌర్ జిల్లాలో సట్లెజ్ నది వెంట ఎక్కుతూ, ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి కలిసే చోటు దాటి, నాకో, టాబో మీదుగా స్పితిలోని ముఖ్యమైన ఊరు కాజా చేరతాం. షిమ్లా నుంచి సుమారు 420 కిలోమీటర్లు. రెండోది మనాలి వైపు. 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి, గ్రాంఫూ దగ్గర మళ్లి, దాదాపు 4,550 మీటర్ల ఎత్తున్న కుంజుం కనుమ ఎక్కి దిగితే కాజా. ఇది సుమారు 200 కిలోమీటర్లే.

రోజులు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు సహజంగానే మనాలి వైపు నుంచి ఎక్కుతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. పొద్దున అక్కడ టీ తాగి, మధ్యాహ్నానికి 4,550 మీటర్ల కనుమ ఎక్కి, రాత్రికి కాజాలో 3,700 మీటర్ల దగ్గర పడుకుంటే ఒంటికి సర్దుకునే వ్యవధి ఉండదు. షిమ్లా వైపు నుంచి వెళ్తే కల్పా 2,960, టాబో 3,280, ఆ తర్వాత కాజా: మెట్టు మెట్టుగా ఎక్కుతాం. కాబట్టి షిమ్లా వైపు ఎక్కి, మనాలి వైపు దిగడం మేలు. అదనంగా పెట్టే రెండు మూడు రోజులు ఊరికే పోవు, ఆస్పత్రి ఖర్చు తప్పుతుంది.

ఇక నెల. కుంజుం మామూలుగా జూన్ నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో కిన్నౌర్‌లో కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ. 2021 ఆగస్టు 11న నిగుల్సరి దగ్గర జాతీయ రహదారి మీదే కొండ విరిగి బస్సు మీద పడి చాలామంది చనిపోయారు. సెప్టెంబరులో వాన తగ్గుతుంది, వాగుల్లో నీరు తగ్గుతుంది, ఆకాశం తేటపడుతుంది. దసరా సెలవులు కలిసొస్తాయని అక్టోబరు మూడో వారానికి నెడితే కుంజుం మూసుకుపోయి, వచ్చిన దారినే వెనక్కి రావాల్సి రావచ్చు.

రోజుల పద్దు ఇలా వేసుకోండి:

- హైదరాబాద్ నుంచి ఢిల్లీ: 3 రోజులు
- ఢిల్లీ నుంచి నార్కండా: 1 రోజు
- కల్పా: 2 రోజులు
- టాబో: 1 రోజు
- కాజా, చుట్టుపక్కల ఊళ్లు: 3 రోజులు
- కాజా నుంచి మనాలి: 1 రోజు
- మనాలిలో విశ్రాంతి: 1 రోజు
- మనాలి నుంచి హైదరాబాద్: 4 రోజులు
- ఖాళీ రోజులు: 3

మొత్తం 19. చివరి వరుస చూసి, "ఆ మూడూ కొట్టేస్తే 16లో అయిపోతుంది కదా" అనే మిత్రుడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. వాడి మాట వినకండి. రోడ్డు మూసుకుపోవడం, ఒకరికి జ్వరం రావడం, బండి మొరాయించడం, ఈ మూడింట్లో ఒకటైనా జరుగుతుందనే లెక్కతోనే బయల్దేరాలి. ఖాళీ రోజు లేని బృందం రాత్రిపూట ఘాట్ రోడ్డు ఎక్కుతుంది. ఉన్న బృందం దుప్పటి కప్పుకుని పడుకుంటుంది.

పది రోజులే సెలవు ఉందా? అప్పుడు తగ్గించాల్సింది కారును. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి కల్కా, 1903 నుంచి నడుస్తున్న కల్కా–షిమ్లా చిన్న రైలు, ఆపైన హిమాచల్ ప్రభుత్వ బస్సుల్లో రెకాంగ్ పియో, అక్కడి నుంచి కాజా. రానూపోనూ 3,000 కిలోమీటర్ల పైచిలుకు మైదానపు డ్రైవింగ్ తప్పుతుంది, ఖర్చు సగానికి సగం పడిపోతుంది. పది రోజుల్లో కాజా దాకా పోయి రావడం బిగువే, కాబట్టి కల్పా, టాబోలతో సరిపెట్టుకోవడానికి కూడా సిద్ధపడండి. సొంత కారు లేకపోతే అది రోడ్ ట్రిప్పే కాదన్న పట్టుదల ఖరీదైనది.

పెట్రోలు లెక్క, పచ్చి లెక్క

మొత్తం దూరం 5,000 కిలోమీటర్లు అనుకోండి. అందులో 3,600 మైదానం, 1,400 కొండ. బండి కొన్ననాటి మైలేజీ అంకెలు మర్చిపోండి. నలుగురు మనుషులు, నలుగురి సామాను, ఘాట్ రోడ్డు. మైదానంలో లీటరుకు 15, కొండల్లో 10 వేసుకుంటే 240 లీటర్లు, 140 లీటర్లు, కలిపి 380. లీటరు 100 రూపాయల లెక్కన 38,000. మనిషికి 9,500. ఇంటి దగ్గర రేటు ఎక్కువుంటే ఆ మేరకు పెంచుకోండి. టోల్, తిండి, బస వేరే.

ఈ అంకెలో ఒక నీతి ఉంది. ముగ్గురైతే మనిషి వాటా 12,700 దాకా పోతుంది. అంటే ఆఖరి వారంలో ఒకడు "నాకు కుదరదు మామా" అంటే మిగతా ముగ్గురి లెక్క తారుమారవుతుంది. అందుకే బయల్దేరడానికి నెల ముందే ప్రతి ఒక్కరూ తమ పెట్రోలు వాటా జమ చేయాలి, వెనక్కి తగ్గితే ఆ వాటా తిరిగి రాదని ఒప్పుకోవాలి. మిత్రుల మధ్య ఇంత కరుకుదనం ఏమిటని మొహమాటపడితే, ఆ కరుకుదనమే మూడు వారాల తర్వాత గొడవ రూపంలో బయటికొస్తుంది.

బంకులూ గుర్తుపెట్టుకోండి. రెకాంగ్ పియో కింద పోవారీలో ట్యాంకు నింపుకుంటే, తర్వాత నమ్ముకోదగింది కాజాలోనే, దాదాపు 200 కిలోమీటర్లు. కాజాలో నింపుకున్నది మనాలి దాకా రావాలన్న లెక్కతోనే కదలండి. కాజాలో ఏటీఎం ఉన్నా అందులో డబ్బు ఉంటుందన్న హామీ లేదు. నెట్‌వర్క్ పోతే ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ పోతాయి. షిమ్లాలోనే నగదు తీసి, ఇద్దరి దగ్గర విడివిడిగా దాచండి.

ఉమ్మడి సంచీ

ఎవరి జీతం ఎంతో మిత్రులకు తెలుసు. ఎవరి మీద ఎంత అప్పుందో తెలియదు. కాబట్టి బడ్జెట్ గురించి గ్రూపులో అడగకండి. ఒకరు బాధ్యత తీసుకుని నలుగురినీ విడివిడిగా ఫోన్ చేసి అడగాలి: "నీకు కష్టం కాకుండా ఎంత పెట్టగలవు?" వచ్చిన నాలుగు అంకెల్లో అన్నిటికంటే చిన్నదే అందరి బడ్జెట్. అది ఎవరి అంకె అన్నది అడిగినవాడి కడుపులోనే ఉండిపోవాలి.

తర్వాత మూడు సూత్రాలు.

ఒకటి: అందరూ సమానంగా వేసిన డబ్బు ఒక సంచీలో. పెట్రోలు, టోల్, బస, రెండు పూటల భోజనం అందులోంచే. సిగరెట్లు, మందు, షాపింగ్ ఎవరి జేబులోంచి వాళ్లు.

రెండు: మొత్తంలో ఐదో వంతు ఒక కవర్లో పెట్టి అంటించండి. బండి ఆగితేనో, మనిషికి బాగోలేకపోతేనో తప్ప చింపకూడదు. మనాలి చేరేదాకా చింపకపోతే, వెనక్కి పంచుకోండి.

మూడు: బండి యజమాని సంగతి ముందే తేల్చండి. ఇది అందరూ దాటవేసే అంశం. ఒక సందర్భం ఊహించుకోండి. పియో నుంచి కల్పాకి ఎక్కే మలుపుల్లో ముందు లారీ ఆగింది. కారు నడుపుతున్నది యజమాని కాదు. ఎత్తు మీద బండి జారకుండా హాఫ్ క్లచ్ మీద పట్టి ఉంచాడు. రెండు నిమిషాలకి కాలిన వాసన. "హ్యాండ్‌బ్రేక్ వేయొచ్చుగా రా!" అని వెనక సీట్లోంచి యజమాని. "నీ క్లచ్ ప్లేటే అరిగిపోయింది మామా, నాకేం తెలుసు" అని స్టీరింగ్ దగ్గరి నుంచి జవాబు. ఇద్దరూ అన్నది నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో తీర్పు చెప్పగలిగేవాడు కారులో ఉండడు. బయల్దేరే ముందు రాసుకుంటే సరిపోయేది: పంక్చర్లు, గీతలు, దారిలో వచ్చే రిపేర్లు ఉమ్మడి సంచీలోంచి. ప్రయాణానికి ముందు సర్వీసింగ్‌లో మెకానిక్ మార్చాలన్న భాగాలు యజమాని ఖర్చు. మార్చకుండా వచ్చి అవే పాడైతే అదీ యజమానిదే.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఈ సందర్భంగానే చదవండి. మామూలు పాలసీల్లో, నీళ్లు లోపలికి పోయి ఇంజను చెడితే సాధారణంగా పరిహారం రాదు. దానికి విడిగా ఇంజను రక్షణ కవర్ ఉండాలి. వాగులు దాటే దారికి పోతున్నాం కదా.

ఎత్తుతో బేరాలొద్దు

3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు అక్కడే ఆగాలి. పర్వతారోహకులు పాటించే నియమం ఇది. పైన చెప్పిన కల్పా, టాబో, కాజా వరుస దానికి సరిపోతుంది.

తల పట్టేసినట్టుండటం, కడుపులో తిప్పటం, నిద్ర పట్టకపోవడం తొలి గుర్తులు. అప్పుడు ఇంకా పైకి వెళ్లకండి, నీళ్లు తాగి విశ్రాంతి తీసుకోండి. మద్యం జోలికి అసలే పోవద్దు. మనిషి తూలుతూ నడుస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా ఇక ఆగకూడదు, కిందికి దింపాలి. స్పితిలో ఇక్కడే ఒక మెలిక ఉంది. కాజా నుంచి మనాలి వైపు పోతే కిందికి దిగడానికి ముందు కుంజుం ఎక్కాలి. కాబట్టి దింపాల్సింది టాబో, కిన్నౌర్ వైపు. కాజాలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, ముందు అక్కడ చూపించండి. ఎసిటజోలమైడ్ మాత్రలు, అందరూ డయామాక్స్ అనేవి, డాక్టర్‌ని అడిగాకే తీసుకెళ్లండి. సల్ఫా మందులు పడనివాళ్లకు అవి ప్రమాదం.

కాజాలో మూడు రోజులా అని విసుక్కునేవాళ్లకు ఒక మాట. ఖర్చు లేకుండా గడపడానికి అక్కడ చాలా ఉంది. దారిలో టాబో బౌద్ధ విహారం క్రీ.శ. 996 నాటిది. కాజాకు దగ్గర్లోనే కీ గొంపా, అదీ బౌద్ధ మఠమే. 2006 జనవరిలో మన అమరావతిలో దలైలామా కాలచక్ర బౌద్ధ దీక్ష జరిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు 2000 ఆగస్టులో అలాంటి కాలచక్రే జరిగింది ఈ కీ గొంపాలోనే. ఇంకా పైకి, సుమారు 4,400 మీటర్ల ఎత్తులో హిక్కిం పోస్టాఫీసు 1983 నుంచి నడుస్తోంది. ఇంటికి ఒక కార్డు రాసి పడేయండి. మీరు ఇల్లు చేరాకే అది చేరినా ఫర్వాలేదు.

రోడ్డు మీద

కాజా–మనాలి 200 కిలోమీటర్లు అనగానే హైదరాబాద్–కర్నూలు అనుకోకండి. లోసర్ ఊరు దాటాక గ్రాంఫూ దాకా చాలాచోట్ల రాళ్లు, గుంతలు, రోడ్డుకు అడ్డంగా పారే నాలాలు. రోజంతా పడుతుంది. ఈ నాలాల నీరు మంచు కరిగి వచ్చేది. ఎండ ముదిరేకొద్దీ మధ్యాహ్నానికి మట్టం పెరుగుతుంది. పొద్దున మోకాలి కిందుండే నీరు సాయంత్రానికి బంపర్ ముంచొచ్చు. అందుకే ఐదింటికల్లా కదలాలి. నాలా దగ్గర ముందు ఆగండి, అవతల నుంచి వచ్చే బండి ఎటు నుంచి దాటుతోందో చూడండి, మొదటి గేరులో ఆపకుండా, రేస్ తగ్గించకుండా దాటండి. మధ్యలో గేరు మార్చొద్దు.

ఘాట్ మీద ఎదురుపడినప్పుడు పైకెక్కే బండికే దారి ఇవ్వాలని మన మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, బ్రేకులు వేడెక్కవు. స్టెప్నీలో గాలి ఉందో లేదో హైదరాబాద్‌లోనే చూసుకోండి. పంక్చర్ కిట్, టైర్లలో గాలి నింపే చిన్న మిషను, జంపర్ కేబుల్, తాడు, టార్చి తప్పనిసరి.

మైదానంలో రెండు గంటలకొకసారి డ్రైవర్ మారాలి, పక్క సీట్లోవాడు నిద్రపోకూడదు. కొండల్లో నాలుగింటికల్లా బస వెతుక్కోవాలి. చీకటి పడ్డాక గది దొరికినా, బేరం చేసే ఓపిక ఉండదు.

తిండి

బయట తినడం తగ్గించుకుందామని చిన్న స్టవ్, బియ్యం, కందిపప్పు మోసుకెళ్లేవాళ్లకు కాజాలో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం వండితే పైన మెత్తబడి లోపల పలుకుగానే ఉంటుంది. కందిపప్పు గంట ఉడికినా విరగదు, గ్యాసు మాత్రం అయిపోతుంది. ప్రెషర్ కుక్కర్ ఉంటేనే వంట మాట తలపెట్టండి. లేదంటే హోమ్‌స్టేలో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి మాట్లాడుకోవడమే చౌక. వాళ్లు పెట్టే పప్పూ అన్నంలోకి ఆవకాయ, కందిపొడి, చిన్న నెయ్యి సీసా మన దగ్గరుంటే చాలు. పగటికి అటుకులు, వేరుశనగ పప్పు, బెల్లం. ఖాళీ ప్లాస్టిక్ అంతా బండిలోనే కిందికి తెచ్చి పారేయండి. అక్కడ చెత్త ఎత్తే ఏర్పాటు తక్కువ.

ఒక్కడు వద్దంటే చాలు

నిర్ణయాలు రెండు రకాలు. సరదాకి సంబంధించినవి మెజారిటీతో: ఈ ఊరా ఆ ఊరా, మోమోలా తుక్పానా. భద్రతకి సంబంధించినవి ఒక్క ఓటుతో. నలుగురిలో ఒక్కడు "ఈ నాలా ఇప్పుడు వద్దు", "నాకు తల తిరుగుతోంది, ఆగుదాం" అంటే కారు ఆగాలి. కారణం అడగకూడదు, ఎగతాళి అసలే కూడదు. భయపడినవాడు ఆ మాట అనలేకపోయిన బృందాలే ప్రమాదంలో పడతాయి. ఆగినందుకు పోయేది ఒక రోజు. దానికోసమే కదా మూడు రోజులు పక్కన పెట్టాం.

ఇంకొకటి. మూడు వారాలు ఒకే కారులో, ఒకే గదిలో నలుగురు. ఎంత ప్రాణస్నేహితులైనా రెండో వారానికి ఒకరి గురక, ఒకరి పాటలు, ఒకరి ఫోన్ మాటలు భరించలేనివవుతాయి. రోజులో ఒక గంట ఎవరి దారిన వాళ్లు తిరిగిరావాలని రాసుకోండి. ఆ గంటకి ఖర్చేమీ లేదు.

ఈ వారం చేయాల్సినవి

1. నలుగురినీ విడివిడిగా అడగండి: ఎంత డబ్బు, ఎన్ని రోజులు, బీపీ, ఆస్తమా లాంటివి ఉన్నాయా, రోజుకు ఎన్ని గంటలు నడపగలరు, తప్పక చూడాలనుకునే ఒక్క చోటు ఏది.

2. ఉమ్మడి సంచీ, అంటించిన కవరు, బండి ఒప్పందం ఒక పేజీలో రాసి నలుగురూ సంతకం పెట్టండి.

3. అదే కారు, అదే నలుగురు, అదే సంచీతో ఒక శని, ఆదివారం శ్రీశైలం వెళ్లిరండి. నల్లమలలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు కాబట్టి టైముకు కదలడం ఎవరికి చేతనవునో తేలిపోతుంది. ఘాట్ మలుపుల్లో ఎవరికి వాంతులొస్తాయో, ఎవరు హాఫ్ క్లచ్ మీద నిలబెడతారో, టీ డబ్బుల దగ్గర ఎవరు లెక్క తప్పుతారో కూడా తెలుస్తుంది.

4. తిరిగొచ్చాక లెక్క చూసుకుని, మంగళవారానికి కూడా నలుగురూ అదే గ్రూపులో మాట్లాడుకుంటుంటే, అప్పుడు 19 రోజులకు లీవు పెట్టండి. బాసు 15 రోజులే ఇస్తే, ఖాళీ రోజులు కాకుండా దారి కుదించుకోండి.